పేరుండాల్సిన చోట

శేషయ్య పట్టుచీరల అంగడికి హేమావతి తయారుచేసిన వెబ్‌సైటు జనంలోకి వచ్చి నెల తిరిగింది. ధర్మవరంలో చీరకు అంగడి పేరుంటుంది గానీ నేసిన మనిషి పేరుండదు. బెంగళూరు ఉద్యోగం వదులుకుని ఊరికొచ్చిన హేమావతి ఆ సంగతి దగ్గరే పట్టుబట్టింది. ప్రతి చీర పేజీలోనూ ఫోటో కింద 'నేసినవారు' అని రాసి, పక్కన ఆ మనిషి పేరుండాలంది. శేషయ్య నసిగి నసిగి చివరికి ఒప్పుకున్నాడు. ఊళ్లో నేతగాళ్లు ఫోన్లలో తమ పేర్లు చూసుకుని, ఆ పేజీలను ఇంటిల్లిపాదికీ చూపించుకున్నారు. అలాంటిది, నిన్న సాయంత్రం నాయన శ్రీరంగప్ప వచ్చి ఆమె పక్కన కూర్చుని, "నా పేరు తీసెయ్యి పాపా, ఆ కంప్యూటర్లోనించి" అన్నాడు. ఎందుకని అడిగితే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచిపోయాడు.

పొద్దున అంగడి మేడ మీది గదిలో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాక కూడా హేమావతికి ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది.

పేరు తీయడం పెద్ద పనేమీ కాదు. సైటులో చీరకొక పేజీ ఉన్నా, వాటిని ఆమె ఒక్కొక్కటిగా కూర్చుని రాయలేదు. ఇది శీర్షిక, ఇది బొమ్మ, ఇది పేరా అని బ్రౌజరుకు చెప్పే ట్యాగులను చేత్తో రాసుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట తెరిచిన ట్యాగును మూయడం మరిచిపోతాం. దాంతో పేజీ మొత్తం ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుకని ఆమె పైథాన్‌లో ఒక లైబ్రరీ వాడుకుంది. శీర్షిక కావాలంటే శీర్షిక ఫంక్షన్‌ను పిలవాలి, బొమ్మ కావాలంటే బొమ్మ ఫంక్షన్‌ను. ఒకదాని లోపల ఒకటి పెట్టుకుంటూ పోతే, ట్యాగులు తెరవడం మూయడం లైబ్రరీయే చూసుకుంటుంది. వాటన్నిటినీ కలిపి ఆమె చీర పేజీ కోసం ఒకే ఒక్క ఫంక్షన్ రాసి పెట్టుకుంది. దాని చేతికి చీర వివరాలు అందిస్తే పేజీ తయారవుతుంది. ప్రోగ్రామును ఒక్కసారి నడిపితే అంగడిలోని చీరలన్నిటికీ పేజీలు కొత్తగా పుట్టుకొస్తాయి.

నాయన మాట తీసేయలేక, ఆయన చీరల వివరాల్లోంచి పేరు చెరిపేసి ప్రోగ్రాము నడిపి చూసింది. పైకి పంపలేదు, తన యంత్రంలో మాత్రమే. ఒక పేజీ తెరిచింది. ఫోటో ఉంది. రంగు, అంచు, పట్టు బరువు, అన్నీ ఉన్నాయి. వాటి కింద 'నేసినవారు:' అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. లైబ్రరీ తప్పేమీ పట్టలేదు. పేరా ట్యాగు తెరిచింది, లోపల పెట్టడానికి ఏమీ దొరక్కపోయేసరికి అలాగే మూసేసింది. తన పని తాను సక్రమంగానే చేసింది.

పేరు లేకపోతే ఆ వరుసే కనపడకుండా చేయడానికి ఇంకో చిన్న షరతు రాస్తే సరిపోతుంది. హేమావతికి చేతులు రాలేదు. నాయన తన పేరు తానుగా వద్దనుకునే మనిషి కాదు. సైటు వచ్చిన మొదటి రోజున మామిడిపిందెల అంచు చీర పేజీలో ఆ పేరును వేలితో తడిమి, కాసేపు ఫోన్ ఆమెకు తిరిగి ఇవ్వకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. మరి ఎవరో ఏదో అని ఉండాలి. అనగలిగినవాడు ఒక్కడే కనిపించాడు ఆమెకు. లాప్‌టాప్ మూసి మేడ దిగింది.

కింద తెల్ల పరుపు మీద శేషయ్య, కొనేవాళ్లు చూసి వదిలేసిన చీరలను మడతలు పెట్టుకుంటున్నాడు. బేరాలు లేని వేళ. వీధిలోంచి వేడిగాలి దుమ్మును గుమ్మం దాకా తెచ్చి వదులుతోంది. హేమావతి ఎదురుగా కూర్చుని, చుట్టూ తిప్పకుండా, నాయన పేరు తీయమని మీరేమైనా అన్నారా మామా అని అడిగింది.

శేషయ్య మడత ఆపి ఆమె ముఖం చూశాడు. కోపం తెచ్చుకోలేదు. మొదట్లో తనకు ఇష్టం లేని మాట నిజమేనన్నాడు. పేర్లు చూసి పక్క అంగడివాళ్లు నేతగాళ్లను ఎగరేసుకుపోతారని భయపడ్డాడు. అదేమీ జరగలేదు. పైగా పేరున్న చీరనే జనం ముందు అడుగుతున్నారు.

"నేనెందుకు తీయమంటానమ్మా? మీ నాయన పేరు చూసే కదా బెంగళూరోళ్లు పిలిచినారు."

హేమావతికి అర్థం కాలేదు. శేషయ్య ఆశ్చర్యపోయి అసలు సంగతి విడమరచి చెప్పాడు. బెంగళూరులో పెద్ద చేనేత ప్రదర్శన పెడుతున్నారు. ఆ నిర్వాహకులు సైటులో చీరలు చూసి, శ్రీరంగప్ప అనే ఆయన వచ్చి జనం ముందు మగ్గం మీద కూర్చుని నేయాలని అడిగారు. మగ్గం వాళ్లే బిగిస్తారు, రానుపోను బాధ్యత వాళ్లదే. శేషయ్య సంతోషంగా ఇంటికి వెళ్లి చెప్తే, శ్రీరంగప్ప నడుము నొప్పి అని తల అడ్డంగా ఊపాడట. రెండోసారి వెళ్తే వాకిట్లోనే నిలబెట్టి పంపేశాడట.

"ఊరికి మర్యాద వచ్చే పని. ఆయప్ప ఏంటికి ఒద్దంటాండాడో నాకైతే తెలీదు. నువ్వన్నా అడుగు" అని శేషయ్య మళ్లీ చీర చేతిలోకి తీసుకున్నాడు.

హేమావతి లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరింది. మామూలుగా ఆమె పొద్దున అంగడికి వస్తే దీపాల వేళకే ఇల్లు చేరేది. నడిమధ్యాహ్నం ఇంటికి వెళ్లడం ఊరికొచ్చాక ఇదే మొదలు. వీధి మలుపులో నీళ్ల ట్యాంకరు చుట్టూ బిందెలు పరుచుకుని ఉన్నాయి. పలకరించిన వాళ్లకు తల ఊపి సాగిపోయింది. నాయనకు నడుము నొప్పి ఉన్నట్టు తనకెప్పుడూ చెప్పలేదే అనుకుంది. తాను ఇంట్లో ఉన్నంతసేపూ మగ్గం మీద నాయనే కనిపిస్తాడు. అయితే అప్పుడు నేయగా చూసిందా? పోగులు సవరిస్తూనో, పడుగు మీద చెయ్యి వేసుకునో ఉంటాడు తప్ప, పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడించడం ఈ మధ్యలో చూసిన గుర్తు లేదు.

ఇంటి దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి మగ్గం చప్పుడు వినిపించింది. ఆగకుండా, తొందర లేకుండా, వరుసగా పడుతోంది. వీధి తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పట్టపగలు గడియ ఎందుకో తెలియక, హేమావతి పక్క సందులోంచి పెరటి వైపు తిరిగి లోపలికి వచ్చింది.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని అమ్మ రామాంజినమ్మ నేస్తోంది. కొంగు నడుముకు బిగించి దోపుకుంది. నాడె ఇటు నుంచి అటు పోయి వస్తుంటే ఆమె చూపు దానితో పోవడం లేదు, బట్ట మీదే ఉంది. గోడ పక్కన నేల మీద శ్రీరంగప్ప రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే కండెలు చుడుతున్నాడు. ఎడమ చేత్తో తిప్పుతున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి దానంతట అది సన్నగా వణుకుతోంది.

హేమావతిని ముందు చూసింది ఆయనే. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. మగ్గం ఆగిపోయింది.

రామాంజినమ్మ లేవబోయింది. లేవొద్దమ్మా అంటూ హేమావతి నాయన పక్కన నేల మీద కూర్చుని, ఆ వణికే చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ఆయన తీసుకోనిచ్చాడు. నిన్నటి వరకూ కాఫీ గ్లాసు ఆయన రెండు చేతులా పట్టుకుని తాగడం చూసి వయసు మీద పడుతోంది పాపం అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

సంగతి అమ్మే చెప్పింది. హేమావతి ఇంకా బెంగళూరులో ఉండగానే మొదలైంది. ముందు వేళ్లు, తర్వాత మణికట్టు. అనంతపురంలో డాక్టరు నరాల జబ్బు అన్నాడు, మాత్రలు రాశాడు. మాత్రలు వేసుకుంటే అదుపులో ఉంటుంది గానీ సన్నని పోగు పట్టుకునేంత నిలకడ రాదు. ఒప్పుకున్న చీర సగంలో ఆగిపోతే రామాంజినమ్మ మగ్గంలోకి దిగింది. చిన్నప్పుడు పుట్టింట్లో నేర్చిన పనే. పెళ్లయ్యాక నూలు పట్టడం, కండెలు చుట్టడం వరకే ఆమె వంతు. ఆ చీర చేతికొచ్చాక అంగట్లో ఎవరూ తేడా పట్టలేదు. అప్పటి నుంచి నేత ఆమెది, చుట్టుడు ఆయనది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది హేమావతి.

"చెప్తే ఉద్యోగం ఇడిసిపెట్టి వస్తావని" అంది రామాంజినమ్మ. "వచ్చినాక చెప్దామంటే, నువ్వు అప్పటికే ఆయన పేరు పెట్టేసినావు. ఊరంతా చూసినారు. ఇంగ యాడ చెప్పేది."

హేమావతికి ఆ మాట గట్టిగానే తగిలింది. తాను ప్రతి ఇంటికీ వెళ్లి అడిగింది, ఈ మగ్గం ఎవరిది అని. ఈ చీర ఎవరు నేశారని ఒక్క గుమ్మంలోనూ అడగలేదు. మగ్గం ఎవరిదంటే ఇంటి మగవాడి పేరే చెప్తారు. ఆమె రాసిన ఫంక్షన్‌కు కూడా ఒక్క పేరు పట్టేంత చోటే ఉంది.

శ్రీరంగప్ప గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి.

"బెంగళూరుకు పోలేనని కాదు పాపా నేను పేరు ఒద్దనింది. పోలేను, అది నిజమే. కానీ ఆ పేరు చూసినప్పుడల్లా అబద్ధమాడినట్టుండాది. నేసేది మీయమ్మ. రెక్కలు పడిపోయేది మీయమ్మకి. చూసినోళ్లు నన్ను పట్టుకుని శెబాషంటాండారు. ఎన్ని దినాలని ఆ మాట నేను మోసేది?"

"చీర మీద పేరు ఎవరిదైతే ఏమి" అంది రామాంజినమ్మ గుంతలోంచే. "తప్పులు దిద్దేది నువ్వు. కొంగు మీద బుటా యట్ల పడాలో చెప్పేది నువ్వు. నా పేరు ఒద్దు. జనాలు రకరకాలుగా అనుకుంటారు."

"ఏమనుకుంటారు?" అన్నాడు ఆయన, ఆమె వైపు తిరగకుండానే.

"శ్రీరంగప్పకు చెయ్యి పడిపోయిందంట అనుకుంటారు."

"పడిపోయింది కదా."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, రామాంజినమ్మ చటుక్కున తల వంచుకుని, మగ్గం మీద లేని ముడి ఏదో విప్పడం మొదలుపెట్టింది. ఆమె కళ్లు తుడుచుకోవడం హేమావతి చూసింది. ఇంతకాలం ఆ సంగతిని వీధి తలుపు గడియ వెనక దాచింది అమ్మే, నాయన కోసం. నాయనకు ఆ దాపరికం అక్కర్లేదని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

హేమావతి లాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. పేజీ తయారుచేసే ఫంక్షన్ తెరిచింది. పేరు కోసం రాసిన ఒక్క పేరాను తీసేసి, దాని చోట జాబితా ట్యాగు పెట్టింది. లోపల ఎంతమంది ఉంటే అన్ని వరుసలు పుట్టేలా రాసింది. పేరు పక్కనే పని కూడా వచ్చేలా చేసింది. నేత ఎవరు, కండెలు ఎవరు, కొంగు డిజైను ఎవరు. ఏం చేస్తున్నావని నాయన అడిగితే తెర ఆయన వైపు తిప్పి చెప్పింది. ఇదివరకు పేజీలో ఒక్క మనిషికే చోటుంది, ఇప్పుడు ఇంట్లో పని చేసినవాళ్లందరికీ ఉంటుంది అంది. ఆయన ఆ అక్షరాల వంక కళ్లు చికిలించి చూశాడు. ఏమీ అర్థం కాకపోయినా చాలాసేపు చూశాడు.

"పెట్టు" అన్నాడు. "మీయమ్మ పేరు ముందు పెట్టు."

రామాంజినమ్మ వద్దని ఇంకోసారి అనలేదు. శ్రీరంగప్ప గోడ పట్టుకుని లేచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. శేషయ్యకు తానే చెప్పొస్తానన్నాడు. నడుము నొప్పి అని అబద్ధమాడి, ఇంటికొచ్చిన మనిషిని వాకిట్లోంచే పంపినందుకు ఆ మాట తన నోటితో తానే చెప్పాలన్నాడు. బెంగళూరువాళ్లకు నేసే మనిషి కావాలంటే రామాంజినమ్మ వస్తుంది, కండెలకు తాను వెంట వస్తాడు, ఇష్టమైతే పిలవమంటాడు. వీధి తలుపు గడియ తీసి, తలుపును బార్లా తెరిచిపెట్టి వెళ్లాడు. వెలుతురు మగ్గం దాకా పడింది.

తల్లీకూతుళ్లు మిగిలారు. ఏ చీర ఎవరిదో తెలియకుండా పేర్లు మార్చలేను, ఒక్కొక్కటే చూపిస్తాను చెప్పమ్మా అంది హేమావతి. రామాంజినమ్మ గుంత అంచు మీద కూర్చుని తెర వైపు ఒరిగింది. సైటును ఆమె అంతకు ముందు సరిగ్గా చూడనే లేదు. చూడాలనిపించలేదట. మామిడిపిందెల అంచు చీర రాగానే ఇది మీ నాయనది, ఆఖరుగా నేసింది అంది. గోధుమ రంగు చీర రాగానే తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగి, ఇది నాది అంది. ఆ తర్వాత ఆమెకు హుషారు వచ్చింది. ఇదిగో ఈ ఎరుపు నాదే, దీనికి జరీ తెగి తెగి ప్రాణం తీసింది. ఈ పసుపు చీర అప్పుడు నాకు జ్వరం, పడుకోమని మీ నాయన నాడె తీసి దాచిపెట్టినాడు. చెప్పే కొద్దీ నవ్వుతోంది. ఎప్పుడో అమ్ముడుపోయి ఎవరి ఒంటి మీదో ఉన్న చీరలను, అత్తవారింటికి పంపిన పిల్లలను తలుచుకున్నట్టు తలుచుకుంది. హేమావతి ఒక్కో చీర వివరాల్లో పేరు దిద్దుకుంటూ పోయింది. నేత: రామాంజినమ్మ. కండెలు: శ్రీరంగప్ప. ప్రోగ్రాము నడిపిన ప్రతిసారీ ఆ రెండు వరుసలూ తెర మీద కుదురుగా వచ్చి నిలబడుతున్నాయి.

నెమలికంఠం రంగు చీర వచ్చింది. సైటు తెరవగానే మొట్టమొదట కనిపించే చీర అదే. బెంగళూరువాళ్లు మొదట అడిగిందీ దాని గురించేనని శేషయ్య చెప్పాడు. కొంగు నిండా చిలకలు ఉన్నాయి. ఏ రెండు చిలకలూ ఒక్క తీరుగా లేవు.

రామాంజినమ్మ నవ్వు ఆగిపోయింది.

"దీన్ని మార్చొద్దులే. మీ నాయన పేరే ఉండనీ."

"ఇది నాయన నేసిందా?"

"కాదు."

"అంటే నువ్వే కదా. నీ పేరు పెడతానమ్మా, ఇందాకనే కదా ఒప్పుకున్నావు."

"నేను నేసింది కాదు" అంది రామాంజినమ్మ. తెరిచి ఉన్న వీధి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది. "చౌడేశ్వరి నేసింది. మన మగ్గం చీరేనని నేనే అంగడికి పంపినాను."

హేమావతి వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. చౌడేశ్వరి ఆమె అక్క. నాయన దగ్గర మగ్గం నేర్చుకున్నది ఇద్దరు కూతుళ్లలో అక్క ఒక్కతే. ఇంట్లో కుదిర్చిన సంబంధం కాదని, మరమగ్గాలు బాగుచేసే అతన్ని పెళ్లి చేసుకుని చిలమత్తూరు వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఆ పేరు పలకకూడదని శ్రీరంగప్ప అన్నాడు. హేమావతి బెంగళూరు నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా అక్క నంబరు కలవలేదు. అమ్మను అడిగితే నాకేం తెలుసని తప్పించుకునేది.

"ఎప్పుడు నేసింది? నీకెట్ల చేరింది?"

రామాంజినమ్మ నోరు తెరవబోయి ఆగింది. ఆమె చూపు హేమావతి భుజం మీదుగా గుమ్మం దగ్గర నిలిచిపోయింది. హేమావతి వెనక్కి తిరిగింది.

శ్రీరంగప్ప గడప లోపల నిలబడి ఉన్నాడు. దారిలో శేషయ్యే ఎదురొచ్చి ఉంటాడు, లేక మరిచిపోయినదేదో తీసుకుపోవడానికి తిరిగి వచ్చి ఉంటాడు. చెప్పులు విప్పలేదు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ఎక్కడి నుంచి విన్నాడో ఆ ముఖం చూస్తే తెలియడం లేదు. ఆయన మెల్లగా వచ్చి లాప్‌టాప్ ముందు గొంతుక్కూర్చున్నాడు. వణికే చేత్తోనే తెరను తన వైపు తిప్పుకున్నాడు. చిలకలను ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ కొంగు చివరి దాకా వెళ్లాడు.

అప్పుడు భార్య వైపు తిరిగి, చాలా ఏళ్ల తర్వాత, కూతురి గురించి మొదటి మాట అడిగాడు.

"ఇప్పుడు యాడుండాది?"

రామాంజినమ్మ మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీసుకుంది. నడుముకు దోపుకున్న కొంగు విప్పి భుజం మీద సర్దుకుంది.

"ఈ ఊర్లోనే ఉండాది" అంది.